పాడేరు గాలి డైరీ: పొగ లోయలో ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు పోతుంది

మే నెలాఖరు: పెట్టె సిద్ధం

ఏజెన్సీ గాలి పీలిస్తే ఆయుష్షు పెరుగుతుందని మైదాన ప్రాంతం నుంచి వచ్చే చుట్టాలందరూ అంటారు. ఏడాదిలో ఎక్కువ భాగం ఆ మాట తప్పు కాదు. అయితే చలికాలంలో తెల్లవారకముందే కాలేజీ ఆటస్థలంలో పరుగు సాధన చేసే పిల్లలు గొంతు మండుతోందని చెప్పడం చాలాకాలంగా వింటున్నాను. కానిస్టేబుల్ ఉద్యోగాలకూ సైన్యానికీ సిద్ధమయ్యే పిల్లలు వాళ్లు. చలికి గొంతు పట్టేయడం వేరు, మండటం వేరు. భౌతికశాస్త్రం చెప్పే దాన్ని కాబట్టి ఈసారి మా విద్యార్థులతో కలిసి ఊరి గాలిని అన్ని రుతువుల్లోనూ కొలవాలని నిశ్చయించుకున్నాను.

ఫోనులో పాడేరు అని వెతికితే గాలి నాణ్యత అంకె ఒకటి కనిపిస్తుంది. చాలా యాప్‌లలో అది ఇక్కడ కొలిచింది కాదు, కంప్యూటర్ నమూనా వేసిన అంచనా. యూరప్ వాళ్ల కోపర్నికస్ ప్రపంచ నమూనాలో ఒక్కో గడి దాదాపు 40 కిలోమీటర్ల పొడవు. ఘాట్ రోడ్డు కింద ఉన్న మాడుగుల, పైన సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పాడేరు, మధ్యలో కొండలు, లోయలు అన్నీ ఒకే గడిలో పడే అవకాశం ఉంది. అంత పెద్ద గడికి ఒక లోయ అడుగున ఉన్న పొగ కనిపించదు. విశాఖలో గాలిని కొలిచే కేంద్రం అంకెలూ మాకు ఉపయోగపడవు. అది సముద్రం పక్కన, యారాడ, కైలాసగిరి కొండల మధ్య ఉన్న ఊరు. దాని గాలి లెక్క దానిది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలున్నాయి. వాటిలో ఏజెన్సీ ఊరు ఒక్కటీ లేదు. మా కొండ ఊళ్ల గాలిని ఎవరూ అనుమానించలేదు. అనుమానించని చోటే కొలవాలి.

పెట్టెలో ఉన్నవి ఇవీ: పీఎంఎస్ 5003 అనే చిన్న సెన్సర్, తేమ, ఉష్ణోగ్రత చూసే బీఎంఈ 280, వీటిని చదివే ఈఎస్‌పీ 32 బోర్డు, సమయం తప్పకుండా ఉంచే గడియారం చిప్పు, మెమరీ కార్డు. మా ఊళ్లో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి ఒక బ్యాటరీ. సెన్సర్‌లో చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజరు కాంతి దాని మీద పడుతుంది, గాలిలో ఉన్న నలుసులు ఆ కాంతిని పక్కకు చెదరగొడతాయి. చెదిరిన వెలుగును బట్టి నలుసులు ఎన్ని, ఏ పరిమాణంవి అని సెన్సర్ అంచనా కడుతుంది. రెండున్నర మైక్రోమీటర్ల లోపు నలుసులను పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ఇరవై ముప్ఫయ్యో వంతు ఉండే ఈ నలుసులే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి.

సెన్సర్‌ను రోజంతా తిప్పితే ఫ్యానూ లేజరూ తొందరగా అరిగిపోతాయి. అందుకని పది నిమిషాలకొకసారి నిద్ర లేపుతున్నాం. లేచాక మొదటి 30 సెకన్ల అంకెలు నమ్మదగినవి కావని తయారీదారులే చెప్పారు, వాటిని వదిలేసి తరువాతివే రాస్తున్నాం. పెట్టెను వంటగదులకు, రోడ్డుకు దూరంగా, చూరు కింద, మనిషి తలకంటే కొంచెం ఎత్తున బిగించాం. గాలి లోపలికి వచ్చే మూతికి పీవీసీ ఎల్బో (వంపు గొట్టం) కిందికి తిప్పి పెట్టి, దోమతెర గుడ్డ కట్టాం. మా దగ్గర సాలీళ్లు రెండు రోజుల్లో ఏ రంధ్రాన్నయినా ఇల్లు చేసుకుంటాయి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాం. ఈ సెన్సర్‌ను ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచూడలేదు, కాబట్టి "పాడేరు గాలిలో ఇంత కాలుష్యం" అని ఒక అంకెను ఎక్కడా ప్రకటించం. అదే సెన్సర్, అదే చూరు, అదే పద్ధతి. నిన్నటికీ నేటికీ, రాత్రికీ మధ్యాహ్నానికీ తేడా ఎంత, ఆ తేడా ఎందుకు అన్నదే మా పని. ఊరి నైసర్గిక రూపం ఏం చేస్తోందో తెలియడానికి హెచ్చుతగ్గులు చాలు.

జూన్: తొలకరి

సెన్సర్ అంకెలతో గ్రాఫు మీద మేము గీసే గీత మొదటి వానలకు నేలకు దిగింది. ఏప్రిల్, మే నెలల్లో చుట్టూ కనిపించిన మసక పోయి, ఎదురుగా ఉన్న కొండ మీద చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. రాయడానికి ఇంతకంటే లేదు.

ఆగస్టు: వాన అన్నిటినీ కడగదు

వాన పడితే గాలి శుభ్రమైపోతుందని పిల్లలు జవాబు పత్రాల్లో రాస్తారు. మా కార్డులో ఉన్న అంకెలు ఇంకొంచెం జాగ్రత్తగా చెబుతున్నాయి. గట్టి వాన తరువాత పెద్ద నలుసులు నిజంగానే తగ్గుతాయి. సన్నని పొగ నలుసులు మాత్రం ముసురులో అంతగా కదలవు. చినుకు కిందికి పడుతుంటే దాని ముందున్న గాలి పక్కకు తప్పుకుంటుంది. బరువైన దుమ్ము తప్పుకోలేక చినుకుకు తగులుతుంది, చిన్న నలుసు గాలితోపాటే జారిపోతుంది. మరీ చిన్నవైతే అటూ ఇటూ కొట్టుకుంటూ చినుకుకు అంటుకుంటాయి. ఈ రెండింటి మధ్య, ఒక మైక్రోమీటరులో పదో వంతు నుంచి ఒక మైక్రోమీటరు దాకా ఉన్నవి వానకు దొరకవు. కట్టెల పొగలో ఎక్కువ భాగం సరిగ్గా ఆ పరిమాణంలోనే ఉంటుంది.

మరి వర్షాకాలంలో గాలి ఎందుకు బాగుంటుంది? నైరుతి గాలి ఆగకుండా వీస్తుంది, మబ్బు కప్పి ఉండటం వల్ల రాత్రి నేల మరీ చల్లబడదు, అడవి తడిగా ఉంటుంది కాబట్టి అంటుకోదు. కడిగేది వాన ఒక్కటే అనుకుంటే గాలి చేసే పని లెక్కలోకి రాదు.

ఒక్క సంగతి మాత్రం కలవరపెట్టింది. ముసురు రోజుల్లో సాయంత్రం వంటవేళ గీత నిటారుగా లేస్తోంది. వీధి చివర టిఫిన్ దుకాణం నడిపే అక్క కారణం చెప్పింది. "తడి కట్టె మేడం, అంటుకోదు, ఏడుస్తుంది. మంట కంటే పొగే ఎక్కువ." కట్టెలో ఉన్న నీళ్లను ఆవిరి చేయడానికే వేడి ఖర్చయిపోతే, మంట చల్లబడి కట్టె సగం కాలి పొగగా బయటికి వస్తుంది. ఊరి సగటు బాగున్న నెలల్లోనే ఆమె పొయ్యి ముందు గాలి అధ్వానంగా ఉంది. ఇంటి లోపల కొలవడం ఈ ఏడాది మా ప్రణాళికలో లేదు. కానీ మరచిపోకూడదని ఇక్కడ రాసుకుంటున్నాను.

అక్టోబరు: తేమతో పేచీ

చలికాలం రాకముందే తేల్చుకోవలసిన పెద్ద సమస్య మంచు. కాంతిని చెదరగొట్టే ఏ బిందువైనా ఈ సెన్సర్‌కు నలుసే. మంచు బిందువుకూ పొగ నలుసుకూ తేడా దానికి తెలియదు. పైగా తేమ 80 శాతం దాటితే పొగ నలుసులు కూడా నీరు పట్టి ఉబ్బుతాయి, ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తాయి. మా ఊళ్లో డిసెంబరు రాత్రులు తేమ నూరు దగ్గరే ఉంటుంది. "మీరు కొలిచింది మంచు, కాలుష్యం కాదు" అని ఎవరైనా అంటే జవాబు ఉండాలి.

అమెరికా పర్యావరణ సంస్థ ఇటువంటి సెన్సర్ల కోసం తేమను లెక్కలోకి తీసుకునే సూత్రం ఒకటి ఇచ్చింది. అది అక్కడి గాలికి, అక్కడి పొగకు కట్టిన సూత్రం, దట్టమైన మంచు కోసం కట్టింది కాదు. అందుకే సూత్రంతో సరిదిద్దేకంటే గాలినే ఆరబెట్టి లోపలికి పంపాలని నిర్ణయించాం. రెండో పెట్టె కట్టాం. దాని మూతికి జానెడు పొడవున్న ఇత్తడి గొట్టం, గొట్టం చుట్టూ వేడిని తట్టుకునే టేపు, దాని మీద కరెంటు పెడితే వేడెక్కే నైక్రోమ్ తీగ, పైన మళ్లీ టేపు, ఆపైన పైపులకు తొడిగే నురగ తొడుగు. గొట్టం లోపల గాలి బయటి గాలి కంటే సుమారు పది డిగ్రీలు వేడెక్కేలా కరెంటు సర్దాం.

పది డిగ్రీలే ఎందుకంటే లెక్క ఇది. 10 డిగ్రీల దగ్గర నూరు శాతం తేమ ఉన్న గాలిని 20 డిగ్రీలకు తెస్తే తేమ శాతం దాదాపు సగానికి పడిపోతుంది. మంచు బిందువుల్లో ఉన్న నీరు ఆవిరై గాలిలో కలిసినా లెక్క పెద్దగా మారదు. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో 9 గ్రాములకు పైగా ఆవిరి ఉంటుంది, దట్టమైన మంచులో కూడా బిందువుల నీరు అర గ్రాము లోపే. ఇంకా ఎక్కువ వేడి పెట్టవచ్చు కదా అని ఒక విద్యార్థిని అడిగింది. మంచి ప్రశ్న. కట్టెల పొగలో జిడ్డు పదార్థాలు చాలా ఉంటాయి, ఎక్కువ వేడికి అవి ఆవిరైపోతాయి. అప్పుడు మంచుతోపాటు పొగను కూడా చెరిపేసినట్టు అవుతుంది.

గొట్టం ఉన్న పెట్టె, లేని పెట్టె పక్కపక్కనే. రెండూ ఒకే మాట చెబితే పొడి పొగ. లేనిది ఎగిరి, ఉన్నది కింద ఉంటే మంచు.

నవంబరు: చల్లగాలి ఎటు పోతుంది

వలిసె పూలతో పొలాలు పచ్చబడ్డ రోజులివి. చూడటానికి టూరిస్టులు మొదలయ్యారు. మేము ఉష్ణోగ్రతల వేటలో ఉన్నాం.

నీళ్లలో తడిసినా పాడుకాని డీఎస్18బీ20 ఉష్ణమాపకాలను తెల్లటి ప్లాస్టిక్ పళ్లాలు ఒకదాని కింద ఒకటి పేర్చి చేసిన గూళ్లలో పెట్టాం. ఎండ నేరుగా తగలదు, గాలి ఆడుతుంది. ఒక గూడు ఊళ్లో, ఒకటి గెడ్డ (వాగు) ఒడ్డున, మరొకటి మా విద్యార్థి వాళ్ల కాఫీ తోటలో, కొండ వాలు మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడలో. వాటిని ముందుగా ఒకే బకెట్ నీళ్లలో ముంచి ఒకదానితో ఒకటి సరిచూశాం. ఒక్కోదానికి అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు, ఆ తేడా తెలియకుండా కొండకూ లోయకూ పోలిక పెట్టలేం.

మామూలుగా పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడాలి. పాఠంలో ఉన్నది అదే. ఆకాశం నిర్మలంగా, గాలి ఆగిపోయిన రాత్రి ఆ వరుస తలకిందులవుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి పంపి చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలి దానితోపాటు చల్లబడుతుంది, చల్లగాలి బరువు కాబట్టి వాలు వెంట దిగి లోయ అడుగున చేరుతుంది. పైన వెచ్చని పొర, కింద చల్లని పొర. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటాం. ఈ వెచ్చని పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. కింది గాలి పైకి లేవలేదు.

కాఫీ తోట యజమానికి ఇది చెబుతుంటే ఆయన ఆశ్చర్యపోలేదు. "లోయ అడుగున కాఫీ వేస్తే మంచు కొట్టేస్తుంది మేడం గారూ. మా నాన్న ఆ మాట చెప్పే వాలు మీద వేయించారు. చలి కొండ మీద కాదు, గెడ్డ పక్కన ఉంటుంది." మా గూళ్లు కూడా ఆయన మాటే చెప్పాయి. నిర్మలమైన రాత్రుల్లో తెల్లవారేసరికి వాలు మీద ఉన్న ఉష్ణమాపకం గెడ్డ ఒడ్డున ఉన్నదాని కంటే వెచ్చగా ఉంటోంది. ప్రతి డిసెంబరులో లంబసింగి, చింతపల్లి, మినుములూరు చలి గురించి పత్రికలు రాస్తాయి. ఆ చలికి ఎత్తు ఒక్కటే కారణమైతే, తోటకంటే గెడ్డ ఒడ్డు ఎందుకు చల్లగా ఉండాలి?

ఆ గాలి కదలికను కళ్లతో చూడాలనిపించి, ఒక రాత్రి పిల్లలతో గెడ్డ మీది వంతెన దగ్గరకు వెళ్లాం. ఆకు కూడా కదలనంత నిశ్చలంగా ఉంది. అగరుబత్తి వెలిగించి వంతెన అంచున పట్టుకున్నాం. పొగ బెత్తెడు ఎత్తు లేచి, నెమ్మదిగా వంగి, నీరు పారే దిక్కుకే సాగింది. చేయి అడ్డు పెట్టి తీసినా మళ్లీ అటే. అదే అగరుబత్తిని దగ్గర్లోని కొండ వాలు దారిలో పట్టుకుంటే పొగ దిగువకు, ఊరివైపు జారింది. వాలు మీది ఊళ్లలో పొయ్యిల పొగ రాత్రి ఎటు వెళుతుందో అక్కడ నిలబడిన పిల్లలందరికీ అర్థమైంది. ఒకమ్మాయి మెల్లగా అంది: "అయితే మా ఊరి పొగ మీ ఇంటికి వస్తోందన్నమాట, మేడం." అవును, మా ఇంటి పొగ కూడా మరొకరి ఇంటికి వెళ్తోంది.

డిసెంబరు: అసలు నెల

రోజూ ఒకటే ఆకారం. మధ్యాహ్నం గీత అట్టడుగున ఉంటుంది. సూర్యుడు కొండ వెనక్కు దిగగానే లేవడం మొదలు. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఒక గుట్ట, అది వంటల పొగ. పదింటికి పొయ్యిలన్నీ ఆరిపోతాయి, చలిమంటలూ చాలావరకు ఆరిపోతాయి. గీత మాత్రం దిగదు. రాత్రంతా అదే ఎత్తున సాగి, ఐదింటి నుంచి కొత్త పొయ్యిలు, కొత్త చలిమంటలు తోడై రెండో గుట్టగా పెరుగుతుంది. ఎనిమిది తరువాత ఒకసారి చివరి కుదుపు. పది, పదకొండు గంటలకల్లా జారి పడిపోతుంది. అట్టడుగుకూ తెల్లవారుజాముకూ మధ్య తేడా చిన్నది కాదు, అనేక రెట్లు.

ఆరిన పొయ్యిల పొగ రాత్రంతా ఎందుకు నిలిచిందన్నదే ఈ డైరీకి గుండెకాయ. టిఫిన్ దుకాణం అక్క కూడా అదే అడిగింది, "పొయ్యి ఆర్పినా పొగ ఎందుకు పోదు మేడం?" అని. ఆమెకు చెప్పిన లెక్కే ఇక్కడా రాస్తాను. వేసవి మధ్యాహ్నం నేల వేడికి గాలి రెండు, మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలియబడుతుంది. చలికాలపు రాత్రి ఆ ఎత్తు వంద, రెండు వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఒకే పొగ 1,500 మీటర్ల ఎత్తున్న గాలిలో కలిస్తే ఎంత పలుచనో, 150 మీటర్లలో దానికి పది రెట్లు చిక్కన. పక్కల నుంచి కొండలు అడ్డు, గాలి వీచదు. మైదానంలో విలోమం ఏర్పడినా ఏ కొద్దిపాటి గాలి వచ్చినా పొగ పక్కకు జరుగుతుంది. మాకు ఆ దారి కూడా లేదు.

ఎనిమిది తరువాతి కుదుపు పిల్లలను బాగా ఆలోచింపజేసింది. అప్పటికి వంటలు అయిపోయాయి కదా? ఎండ నేలను తాకగానే కింది గాలి కదలడం మొదలై, రాత్రంతా పై అంచున పేరుకున్న పొగను కిందికి లాగుతుంది. మూత తొలగడానికి ముందు లోపలిదంతా ఒకసారి కలుస్తుంది. మా ఊరికి తూర్పున కొండలున్నాయి, ఎండ ఆలస్యంగా లోయలోకి దిగుతుంది. మైదానంలో ఏడున్నరకు జరిగేది మాకు బడిగంట వేళకు జరుగుతుంది.

మంచు విషయంలో ఇత్తడి గొట్టం తన పని చేసింది. దట్టమైన మంచు రోజున గొట్టం లేని పెట్టె ఆకాశానికి ఎగిరింది, గొట్టం ఉన్నది దానికి బాగా కింద నిలిచింది. అలాగని అడుగుకు మాత్రం దిగలేదు. మంచు తీసేశాక కూడా మిగిలిందంతా పొగ. ఇప్పుడు ఎవరు అడిగినా జవాబు ఉంది.

సెలవు రోజున పిల్లలతో వంజంగి కొండ ఎక్కాం. చీకట్లో, చేతిలో ఉష్ణమాపకం పట్టుకుని. కింద బండి ఆపిన చోట వేళ్లు కొంకర్లు పోయాయి. ఎక్కుతున్నకొద్దీ అంకె తగ్గకపోగా పెరుగుతూ వచ్చింది. పై భాగంలో స్వెట్టర్లు విప్పినవాళ్లున్నారు. తెల్లవారేసరికి కిందంతా మేఘాల సముద్రం. అందరూ దాని అందం చూడటానికి వస్తారు, మేము దాని పై అంచును చూడటానికి వచ్చాం. ఆ అంచు ఎంత చదునుగా ఉందో చూడండి. విలోమం ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీసినట్టు మేఘం ఆగిపోయింది. పక్కవాలు మీద ఒక ఊరు మేల్కొంటోంది. ఇళ్ల పైనుంచి పొగ నిటారుగా లేచి, మేఘపు అంచు ఎత్తుకు రాగానే ఆగి, అడ్డంగా పరుచుకుంది. నీలం రంగు పట్టీ ఒకటి, మేఘం మీద సన్నగా. ఒక అబ్బాయి నోట్సులో ఆ బొమ్మ గీశాడు. పాఠ్యపుస్తకంలో ఉన్న దానికంటే బాగుంది, ఎందుకంటే దాని కింద ఉన్న ఊరు వాడిదే.

జనవరి: సగటు అనే తెర

మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఒక రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన మార్గదర్శకం 15. రెండూ 24 గంటల సగటులే. మా ఊరి లాంటి చోట ఆ సగటు చాలా దాచేస్తుంది. మధ్యాహ్నపు గాలి అంత బాగుంటుంది కాబట్టి రోజు సగటు మధ్యస్తంగా కనబడవచ్చు. పరుగెత్తేవాడు పీల్చేది సగటు గాలిని కాదు, ఐదున్నర గంటల గాలిని. పైగా పరుగులో మనిషి కూర్చున్నప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి లోపలికి తీసుకుంటాడు, అదీ నోటితో.

ఈ గీతలు పెద్ద అట్ట మీద అంటించి వ్యాయామ ఉపాధ్యాయుడికి చూపించాం. ఆయన చాలాసేపు చూసి, "నాలుగింటి నుంచి సూర్యాస్తమయం దాకా ఇంత కిందకు ఉందా?" అన్నారు. ఉంది. మూత పడేది ఎండ పోయాకే. చలికాలంలో పరుగు సాధన సాయంత్రం నాలుగింటికి మార్చారు. పరీక్ష రోజున ఉదయమే పరుగెత్తాలి కదా అని కొందరు పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్ల కోసం ఎండ బాగా దిగాక, పది దాటాక, ఆదివారాల్లో సాధన పెట్టారు.

భోగి రోజు గీతను విడిగా రాయక్కర్లేదు, ఎలా ఉంటుందో ఎవరైనా ఊహించగలరు. టైర్లు వేయవద్దని మా పిల్లలు తమ వీధుల్లో ముందురోజే చెప్పివచ్చారు. కొన్నిచోట్ల విన్నారు.

ఈ నెలలోనే గొట్టం ఉన్న పెట్టెను కొన్నాళ్లు కాఫీ తోటకు మార్చాం. అక్కడ రాత్రంతా గాలి శుభ్రంగా ఉంది. తొమ్మిది దాటాక, ఊళ్లో గీత పడిపోతున్న వేళకు, వాలు మీద గీత లేచింది. లోయలోంచి పైకి కదిలిన పొగ తోట మీదుగా వెళ్తోంది. ఒకే పొగ, రెండు చోట్ల, రెండు వేళల్లో. కొండమీది వాళ్లకు తెల్లవారుజాము మంచిది, మాకు కాదు.

మరో విషయం. కొన్ని రోజులు మధ్యాహ్నం కూడా గీత అడుగుకు దిగలేదు, దూరపు కొండలు తెల్లగా మసకబారాయి. మా పొయ్యిలతో దీనికి సంబంధం లేదు. చలికాలంలో గంగా మైదానపు మసక వాయవ్య గాలులతో బంగాళాఖాతం మీదికి దిగుతుందని 1999లో హిందూ మహాసముద్రం మీద జరిగిన ఇండోయెక్స్ పరిశోధనలు చూపించాయి. ఆ మసకలో కొంత తూర్పు కనుమలను కూడా తాకుతుంది. లోయలో ఉన్నా ప్రపంచానికి దూరంగా లేం.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: పసుపు, పోడు, రోడ్డు

పసుపు తవ్విన ఇళ్ల ముందు పెద్ద గిన్నెల్లో కొమ్ములు ఉడుకుతున్నాయి. ముప్పావు గంట, గంట మంట, దానికి కట్టెలు. ఆ వాసన నాకు ఇష్టం. పగటిపూట ఉడికిస్తే ఆ పొగ లేచి పోతుంది. సాయంత్రం మొదలుపెట్టినవాళ్ల పొగ రాత్రి గుట్టలో కలుస్తుంది. గీతలో ఆ తేడా కనబడుతోంది. మధ్యాహ్నమే ఉడికించమని చెప్పడం సులభం. పగలు పొలం పని ఉన్నవాళ్లకు అది ఎంత కష్టమో కూడా చూడాలి.

మార్చి వచ్చేసరికి కొండల మీద పోడు కోసం కొట్టిన చెట్లు, పొదలు కాలుస్తారు. రాత్రి దండలా మెరిసే మంటలు ఊళ్లోంచే కనిపిస్తాయి. నాసా వారి వీఐఐఆర్‌ఎస్ పరికరం 375 మీటర్ల చుక్కలుగా మంటలను గుర్తిస్తుంది, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి అదే వేళకు ఉపగ్రహం మన మీదుగా వెళ్తుంది. ఆ చుక్కలు దించుకుని మా గీత పక్కన పెట్టాం. చుక్కలు ఎక్కువున్న రోజున గీత పెరగాలి కదా అని పిల్లల అంచనా. అంత నేరుగా లేదు. మధ్యాహ్నం భగ్గున మండిన మంట పొగ ఎండకు పైకి లేచి వెళ్లిపోతోంది, ఆ రోజు ఊళ్లో గాలి మామూలుగానే ఉంది. ఉపగ్రహానికి కనిపించని మొద్దులు, లోలోపల రగులుతూ రాత్రంతా పొగచిమ్మేవి, వాటి పొగ చల్లగాలితో వాలు దిగి మా దగ్గరకు వస్తోంది. చుక్కలున్న రోజు కంటే మర్నాటి తెల్లవారుజామునే గీత ఎక్కువగా లేస్తోంది.

పోడు రైతును దోషిగా నిలబెట్టడానికి ఈ లెక్క వాడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పాను. సామలు, చోళ్లు పండించుకుని బతికే కుటుంబం అది. ఏ వేళ కాల్చాలి, మొద్దులు మిగలకుండా ఎలా కాల్చాలి అన్న మాట వాళ్లతో కూర్చుని మాట్లాడదగినది.

రోడ్డు సంగతి వేరు. జాతీయ రహదారి పనులు జరిగే చోట ఎర్రదుమ్ము కళ్లలో పడుతుంది, మా సెన్సర్ మాత్రం పెద్దగా పట్టించుకోదు. పీఎంఎస్ 5003 ముతక దుమ్మును సరిగ్గా చూడలేదు, అది ఇచ్చే పీఎం 10 అంకెను నమ్మలేం. అందుకే గాజు పలకలకు వ్యాజలీన్ పూసి రోడ్డు పక్కన, బడిలో, తోటలో ఉంచి, కాలేజీ సూక్ష్మదర్శిని కింద పెట్టాం. రోడ్డు పలక నిండా మూలలు తేలిన ఎర్రటి, పారదర్శకమైన ముక్కలు, మధ్యలో నల్లటి మసి గుళికలు. తోట పలక మీద పుప్పొడి, ఒకటీ అరా మట్టి ముక్క. ఇన్నాళ్లూ అంకెలుగా చూసిన గాలిని అందరూ వరుసకట్టి కంటితో చూశారు.

మే: మిగిలిన పని

వేసవి గాలివానలు మొదలయ్యాయి, మధ్యాహ్నాలు గాలి ఎత్తుగా కలియబడుతోంది, మోదకొండమ్మ జాతర జనంతో ఊరు నిండినా రాత్రి గీత డిసెంబరు ఛాయలకు కూడా రాలేదు. ఎన్నో రెట్ల జనం, వందల పొయ్యిలు. అయినా మూత లేదు.

సెన్సర్ల ఫ్యాన్లలో జిడ్డు పేరుకుంది, మార్చాలి. పాత వాటిని పారేయకుండా కొత్తవాటి పక్కన రెండు వారాలు నడిపి, ఎంత అరిగాయో లెక్క కట్టాలి. ఇత్తడి గొట్టానికి లోపల నల్లని పొర పట్టింది, దాన్ని సబ్బునీళ్లతో కడిగి మళ్లీ తీగ చుట్టాలి. టిఫిన్ దుకాణం అక్క తన వంటగదిలో పెట్టె పెట్టుకోవడానికి ఒప్పుకుంది, వానలు ముదరకముందే అది బిగించాలి. తడి కట్టె, పొడి కట్టె తేడాను ఈసారి ఆమెతోనే కొలిపిస్తాం.

అరకు, చింతపల్లి, ముంచింగిపుట్టులో ఉన్న ఉపాధ్యాయులు ఎవరైనా ఈ పని చేయదలిస్తే సెన్సర్ కొనకుండానే మొదలుపెట్టవచ్చు. రెండు ఉష్ణమాపకాలు చాలు. ముందు రెంటినీ ఒకే నీళ్లలో ముంచి సరిచూసి, ఒకటి గెడ్డ పక్కన, ఒకటి వాలు మీద పెట్టండి. నవంబరు నుంచి రోజూ సూర్యోదయానికి ముందు రెండూ చదివి రాయండి. వాలు మీదిది వెచ్చగా ఉన్న ఉదయాలకు గుర్తు పెట్టి, ఆ గుర్తుల కాగితం మాకు పంపితే మా కార్డులో ఉన్న తేదీలతో కలిపి చూస్తాం.